సద్దాం ఫొటో ఉంది, మన ఆడబిడ్డ ఫొటో ఏదీ?

1990 ఆగస్టు మొదటి వారం. కోనసీమలో ఊడ్పుల రోజులు. కాలవగట్టు మీద టీ కొట్టు దగ్గర ఒకాయన పేపరు గట్టిగా చదువుతున్నాడు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి జొరబడింది, రాత్రికి రాత్రి దేశాన్ని పట్టేసుకుంది, అక్కడి రాజు సౌదీకి పారిపోయాడు. ఇదీ వార్త. బల్ల మీద కూర్చున్న కామందులు అప్పటికప్పుడే రెండు పక్షాలైపోయారు. "సద్దాం మొగాడ్రా" అన్నాడొకాయన. "అమెరికావోడు చూస్తా ఊరుకుంటాడేంటి, బూడిద చేసేస్తాడు" అన్నాడింకొకాయన. బల్లకి ఎడంగా నిలబడి, మనవాళ్ల కోసం విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగుతున్న మా పేట పెద్దమ్మ ఒకావిడ మెల్లిగా అడిగింది: "బాబూ, కువైటంటే మా పిల్ల ఎళ్లిన ఊరే గదండీ? అక్కడ మనోళ్లు ఎలాగున్నారంట?" చదివే ఆయన పేపరు పైనించి కిందికి ఓసారి చూసి "అదేం రాయలేదే" అన్నాడు. మళ్లీ అందరూ సద్దాం దగ్గరికెళ్లిపోయారు.

ముప్పై అయిదేళ్లు దాటింది. ఆ మాట మేం మరిచిపోలేదు. పరాయి దేశాల్లో యుద్ధం వచ్చినప్పుడల్లా మన ఊళ్లల్లో ప్రజాభిప్రాయం అనేదొకటి తయారవుతుంది. దాన్ని తయారుచేసేది బల్ల మీద కూర్చున్నవాళ్లు. వాళ్లకి సరుకు అందించేది పేపరు, ఆ తర్వాత రోజుల్లో టీవీ, ఇప్పుడు సెల్‌ఫోను. ఆ యుద్ధంలో ఎవరి కూతురు ఇరుక్కుపోయిందో ఆ మనిషి మాత్రం ప్రజల లెక్కలోకి రాదు, ఆమెకి అభిప్రాయం ఉంటుందని కూడా ఎవరికీ తోచదు. ఈ సంగతి మీద మన కార్యకర్తలు ఒకసారి ఆలోచించాలని మేం ఇది రాస్తున్నాం.

మన ఆడవాళ్లు కువైట్ ఎందుకెళ్లారు? గోదావరి డెల్టా అన్నపూర్ణ అని పాఠాల్లో చదువుకున్నాం. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యింది, కాలవలొచ్చాయి, మూడు పంటలొచ్చాయి. నీళ్లు పారిన భూమి మాత్రం మనది కాదు. ఊడ్పులకీ కోతలకీ వంగిన నడుం మనది. ఆ రెండు నెలలూ అయిపోతే పనిలేదు, పాలేరు జీతం ఇంటిల్లిపాదికీ చాలదు. 1970ల తర్వాత చమురు డబ్బుతో గల్ఫ్ దేశాల వాళ్లకి ఇంటిపని మనుషులు కావాల్సొచ్చారు. రాజోలు, అమలాపురం, నరసాపురం వైపుల నుంచి మాల మాదిగ పేటల ఆడవాళ్లు, బీసీ ఆడవాళ్లు, బీద ముస్లిం ఆడవాళ్లు ముక్కుపుడకా పుస్తెలూ తాకట్టు పెట్టి ఏజెంటు చేతిలో డబ్బు పోసి విమానం ఎక్కారు. అక్కడ వాళ్లకి పేరు ఖద్దామా. ఇంటాయన బాబా, ఇంటావిడ మామా. దిగీ దిగగానే పాసుపోర్టు బాబా చేతికి పోతుంది. ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్లో మాట నింపి పంపేవాళ్లు. టేపురికార్డరున్న ఒక్క ఇంట్లో పేటంతా చేరి ఆ గొంతు వినేది.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. ఊళ్లో కామందు గుమ్మం దాటనివ్వని మనిషి అక్కడ సేటు వంటగదిలో వంట చేసింది. పేటలో మొదటి డాబా ఆ దినార్లతోనే లేచింది. పిల్లలు కాన్వెంటుకి ఆ డబ్బుతోనే పోయారు. అక్కడ తన్నులు తిన్నవాళ్లూ ఉన్నారు, జీతం ఎగ్గొట్టించుకున్నవాళ్లూ ఉన్నారు, చెప్పుకోలేని బాధలు పడ్డవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. వెళ్లొద్దని మేం ఎవరికీ చెప్పలేదు, చెప్పే హక్కు మాకు లేదు.

ఆ ఆగస్టు నాటికి కువైట్‌లో మన దేశం వాళ్లు లక్షా డెబ్బై వేలకి పైనే ఉన్నారు. ఆఫీసుల్లో, కంపెనీల్లో చేసేవాళ్లు ఒకచోట చేరి కమిటీలు వేసుకున్నారు, బస్సులు మాట్లాడుకున్నారు. సేటు ఇంటి లోపల ఉన్న ఖద్దామాకి కమిటీ ఎక్కడుంది? కొందరు సేట్లు ముందే సౌదీకి పోయారు. పనిమనిషిని వెంట తీసుకుపోయినవాళ్లున్నారు, వదిలేసిపోయినవాళ్లూ ఉన్నారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. పాసుపోర్టు ఎక్కడుందో తెలీదు. వీధిలో సైనికులు. భాష రాదు. అలాగే బయటపడి కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాదు, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దు ఎడారి దాకా వచ్చారు. గుడారాల్లో పడుకున్నారు, మంచినీళ్లకి క్యూ కట్టారు. అమ్మాన్ చేరాక విమానం. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిరిండియా 488 సార్లు విమానాలు తిప్పి జనాన్ని బొంబాయి చేర్చింది. అంత పెద్ద పని అదివరకు ఎవరూ చెయ్యలేదంటారు. ఆ పైలట్లకీ, రాత్రింబగళ్లు కాగితాలు రాసిన చిన్న ఉద్యోగులకీ మేం దణ్ణం పెడతాం. బొంబాయిలో దిగి రైళ్లు మారి రాజమండ్రి స్టేషన్లో ఒట్టి చేతుల్తో దిగిన మన అక్కచెల్లెళ్లకి మాత్రం దండలు వేసినవాళ్లు లేరు. ఎదురొచ్చింది అప్పిచ్చినవాడు.

ఇప్పుడు నాయకుల సంగతి చూద్దాం. ఆనాటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాదు వెళ్లి సద్దాంని కలిశాడు. ఇద్దరూ కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. దురాక్రమణ చేసినవాణ్ణి కౌగిలించుకుంటావా అని తిట్టినవాళ్లున్నారు. మా మనుషులు అక్కడున్నారు, మాట మెత్తగా ఉంటేనే వాళ్లు బయటికొస్తారని ప్రభుత్వం వాదన. ఆ వాదనలో బలం ఉందని మేమూ ఒప్పుకుంటాం. ఎడారిలో ఉన్న పిల్ల తల్లిని అడిగితే పదిమందిని కౌగిలించుకోమనే చెప్పేది. కానీ ఒకటి గమనించండి. ఫొటోకి కారణం మన ఆడబిడ్డ, ఫొటోలో లేనిది మన ఆడబిడ్డ. ఆమె పేరు చెప్పుకుని ఒక విధానం నడిచింది, ఆమె పేరు చెప్పుకునే ఆ విధానం మీద తిట్లూ నడిచాయి. ఆమెని మైకు ముందుకి ఎవరూ పిలవలేదు.

సద్దాం తక్కువవాడు కాదు. ఆ ఆగస్టులోనే తన దగ్గర బందీలుగా ఉన్న బ్రిటిషువాళ్ల మధ్య కూర్చుని ఒక చిన్న పిల్లవాడి తల నిమురుతూ పాలు తాగుతున్నావా అని అడుగుతూ టీవీలో కనిపించాడు. చూశారా నేనెంత మంచివాణ్ణో అన్నట్టు. ఆ పిల్లాడి మొహం మాత్రం భయంతో బిగుసుకుపోయింది. అది చూసి ప్రపంచం అసహ్యించుకుంది. మన ఊళ్లల్లో కామందు పాలేరు కొడుకు తల నిమిరినప్పుడు ఆ పిల్లాడి మొహం ఎలాగుంటుందో తెలిసినవాళ్లకి ఆ బొమ్మ వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

అవతలివైపు అమెరికా చేసింది ఇంకా నేర్పుగా చేసింది. 1990 అక్టోబరు 10న అమెరికా కాంగ్రెసు సభ్యుల బృందం ఒకటి జరిపిన విచారణలో నయీరా అనే పదిహేనేళ్ల పిల్ల ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. కువైట్ ఆస్పత్రిలో ఇరాక్ సైనికులు నెలలు నిండని పసికందుల్ని అద్దాల పెట్టెల్లోంచి తీసి చల్లని నేల మీద పడేసి చంపారంది. కళ్లారా చూశానంది. ఇంటిపేరు చెప్పలేదు, చెబితే బంధువులకి ప్రమాదమన్నారు. ఆ మాటని అధ్యక్షుడు బుష్ సభల్లో మళ్లీ మళ్లీ చెప్పాడు. సెనేటర్లు చెప్పారు. యుద్ధానికి అనుమతిస్తూ 1991 జనవరి 12న సెనేట్‌లో పడ్డ ఓట్లు 52, వద్దన్నవి 47. ఎంత సన్నని తేడానో చూడండి. జనవరి 17న బాంబులు మొదలయ్యాయి. ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురని 1992 జనవరిలో బయటపడింది. ఆ సాక్ష్యాన్ని తయారుచేయించింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ. కువైట్ రాజకుటుంబం డబ్బుతో నడిచిన ఒక సంఘం దానికి కోటి డాలర్లకు పైగా ఇచ్చింది. పెట్టెల కథకి రుజువు దొరకలేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దుర్మార్గాలు చెయ్యలేదని మేం అనడం లేదు. చేసింది, చంపింది, దోచింది. ఉన్న దుర్మార్గం చాల్లేదని లేని దుర్మార్గాన్ని కొనుక్కొచ్చారు. మమ్మల్ని కలచేది ఇంకొకటి. అబద్ధపు ఏడుపుకి కోటి డాలర్లు ఖర్చయ్యాయి. అదే కువైట్‌లో, అదే నెలల్లో, నిజంగా ఏడుస్తున్న మన ఖద్దామా గొంతు ఒక క్యాసెట్లో కూడా పట్టలేదు. ఎందుకంటే ఆమె ఏడుపు వల్ల ఎవరికీ యుద్ధం అమ్ముడుపోదు, ఓటు రాదు, పేపరు కాపీ పెరగదు.

మన పేపర్లకి ఆ ఆగస్టులో వేరే పని కూడా పడింది. కువైట్ పడిపోయిన అయిదో రోజున, ఆగస్టు 7న, మండల్ సిఫార్సు అమలు చేస్తామని వి.పి. సింగ్ పార్లమెంటులో చెప్పాడు. ఇక అగ్రవర్ణాల పేపర్లకి కువైట్ ఒక పేజీ, మండల్ మీద మంట నాలుగు పేజీలు. ఎవడో ఒకడు కిరసనాయిలు పోసుకుంటే ఫొటోతో మొదటి పేజీ. లక్షమందిని ఎడారిలోంచి తెప్పించిన ప్రభుత్వం కూడా అదే, కానీ ఆ మాట చెబితే వి.పి. సింగ్‌కి మంచిపేరొస్తుందని వాళ్ల బాధ. 1920లో బాబాసాహెబ్ అంబేద్కర్ మూకనాయక్ పత్రిక పెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా దాని ప్రకటన వెయ్యడానికి తిలక్ పెట్టిన కేసరి ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్లకి యజమానులు మారారు గానీ బల్ల మారలేదు.

మా తప్పు కూడా చెప్పుకుంటాం, దాపరికం ఎందుకు? 1991 జనవరిలో మా కుర్రాళ్లు సద్దాం బొమ్మలు తెచ్చి పేటలో గోడలకి అంటించారు. మేమూ మైదాపిండి ఉడికించి ఇచ్చాం. అమెరికాని ఎదిరించినవాడు మనవాడే అనుకున్నాం. ఎర్రజెండా అన్నలు బుష్ దిష్టిబొమ్మ తగలబెట్టడానికి రమ్మంటే ముందు నడిచాం. హలబ్జా పేరు అప్పటికి మాకు తెలీదు. 1988 మార్చిలో సద్దాం సైన్యం ఆ కుర్దుల ఊరి మీద విషవాయువు వదిలి వేలమందిని చంపింది. ఆ రోజుల్లో అమెరికా సద్దాం పక్షానే ఉంది, ఇరాన్‌తో యుద్ధంలో సాయం కూడా చేసింది. ఇది తెలిసుంటే మేం ఏ బొమ్మా అంటించకుండా గోడ మీద ఇంకో మాట రాసేవాళ్లం: మా పిల్లలెక్కడ? పేటలో గల్ఫ్‌కెళ్లినవాళ్ల ఇళ్లున్నాయి. ఊరేగింపుకి పిలిచేటప్పుడు గుమ్మం ముందే నిలబడి అడిగాం గానీ, మీ అమ్మాయి కబురేంటని లోపలికెళ్లి అడగలేదు. మాకు అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఢిల్లీలో ఏం జరిగింది? అప్పటికి చంద్రశేఖర్ ప్రధాని. పైకి శాంతి మాట. కిందన, యుద్ధానికి పోయే అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో దిగి చమురు నింపుకోడానికి అనుమతి. బయటపడ్డాక గోల, రాజీవ్ గాంధీ అభ్యంతరం, ఫిబ్రవరిలో ఆపేశారు. 2003లో అమెరికా మళ్లీ ఇరాక్ మీదికి పోయింది, ఈసారి భయంకరమైన ఆయుధాలున్నాయన్న సాకుతో. ఆ ఆయుధాలు దొరకలేదు. అప్పుడు మన పార్లమెంటు ఏప్రిల్‌లో చేసిన తీర్మానంలో ఏ మాట పెట్టాలని పార్టీలు రోజుల తరబడి బేరమాడుకున్నాయి. చివరికి హిందీలో 'నింద' అని పెట్టి, ఇంగ్లీషులో అంతకంటే మెత్తనిది వాడుకున్నారు. ఒక్క మాట కోసం అంత జాగ్రత్త. మన మనుషుల కోసం అందులో సగం ఉన్నా బాగుండేది.

యుద్ధం ఖర్చు ఎవరు కట్టారో కూడా చూడండి. చమురు ధర పెరిగింది. గల్ఫ్ నుంచొచ్చే డబ్బు పడిపోయింది. దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటింది. 1991 జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు బ్యాంకులో తాకట్టుకి పంపారు. దేశం పరువు పోయిందని పెద్దవాళ్లు గుండెలు బాదుకున్నారు. మా పేటల్లో పుస్తెలు అంతకుముందే షావుకారు దగ్గర తాకట్టులో ఉన్నాయి, వాటికోసం ఎవరూ బాదుకోలేదు. రూపాయి విలువ తగ్గించారు, ఆ జులై బడ్జెట్లో ఎరువుల ధరలు పెంచారు. కౌలుకి రెండెకరాలు చేసుకునే మనవాడికి సద్దాం, బుష్ ఎవరో తెలీకపోయినా వాళ్ల లెక్క బస్తా మీద పడింది.

నష్టపరిహారం ముచ్చట ఒకటుంది. ఐక్యరాజ్యసమితి 1991లో కమిషన్ వేసింది. ఇరాక్ అమ్మే చమురు ఆదాయంలో భాగం తీసి నష్టపోయినవాళ్లకి ఇవ్వాలని. కువైట్ వదిలి రావాల్సొచ్చిన ఒక్కో మనిషికీ 2,500 డాలర్లు మొదలుకొని లెక్క కట్టారు. పేదవాడి దరఖాస్తుకి ముందు డబ్బివ్వాలన్న పద్ధతి మంచిదే. వచ్చినవాళ్లకి వచ్చాయి, ఇళ్లు కట్టుకున్నారు. అయితే ఫారం నింపాలి, అక్కడుండి వచ్చామని చూపాలి. పాసుపోర్టు సేటు బీరువాలో వదిలేసి కట్టుబట్టల్తో వచ్చినామె ఏం చూపుతుంది? ఫారం నింపిపెట్టినవాడికి వాటా, సంతకం చేయించినవాడికి వాటా. ఇలాంటి ఫారం ఒకటుందన్న కబురే చేరని పేటలున్నాయి. సద్దాం ఏం తిన్నాడో రోజూ రాసిన పేపర్లు ఈ ఫారం ఎక్కడ దొరుకుతుందో ఒక్కసారి పెద్దక్షరాల్లో రాసుంటే చాలామంది బాగుపడేవాళ్లు.

2016లో ఈ కథ మీద హిందీ సినిమా వచ్చింది, ఎయిర్‌లిఫ్ట్. కథ నడిపే వీరుడు ఒక పెద్ద వ్యాపారి. విదేశాంగ శాఖవాళ్లు మా పనిని తక్కువ చేసి చూపారని నొచ్చుకున్నారు. అంటే వ్యాపారి గొప్పా, అధికారి గొప్పా అని తగువు. ఖద్దామా గొప్ప అని తగువుకొచ్చినవాడు లేడు.

ఇది కొత్త కాదు. మన తాతల కాలంలో కువైట్ లేదు, రంగం ఉంది. రంగూన్‌ని రంగం అనేవాళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడెక్కి పోయినవాళ్లని అక్కడ కోరంగీలు అన్నారు. రంగం రేవులో మూటలు మోసింది, రైసుమిల్లుల్లో చేసింది మన తెలుగు కూలీలు. 1941 డిసెంబరులో రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. డబ్బున్నవాళ్లకి ఓడలు, విమానాలు దొరికాయి. కూలీలు అడవుల్లో, కొండల్లో నడిచారు. తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి అని అప్పట్లోనే గొడవైంది. దారిలో వేలమంది పోయారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదా బాంబు పడింది, ఆ రోజు సంగతి జిల్లా చరిత్రల్లో రాసుకున్నారు. దారిలో పోయినవాళ్ల పేర్లు ఏ చరిత్రలో ఉన్నాయి?

విదేశాంగ విధానం మనకెందుకు, అది పెద్దవాళ్ల సంగతి అనుకునే కార్యకర్తలున్నారు. బాబాసాహెబ్ అలా అనుకోలేదు. 1951లో నెహ్రూ మంత్రివర్గం నుంచి తప్పుకుంటూ ఆయన చెప్పిన కారణాల్లో విదేశాంగ విధానం ఒకటి. ఏటా వచ్చే 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని లెక్క చెప్పాడు. స్నేహితులు లేకుండా చేసుకున్న విధానం వల్లే ఈ ఖర్చన్నాడు. తూర్పు బెంగాల్లో మిగిలిపోయిన మనవాళ్ల గతేమిటని అడిగాడు. ఆ ప్రకటన సభలో చదవడానికి కాపీ ముందే ఇవ్వాలన్నారు. ఆయన లేచి బయటికొచ్చేసి పత్రికలకిచ్చాడు. సరిహద్దు గీత దగ్గర కూడా మనవాళ్లెక్కడున్నారని చూసిన కళ్లు అవి.

ఇప్పటి సంగతికొస్తే, 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగిన రాత్రి టీవీలవాళ్లు కరాచీ రేవు తగలబడిపోయిందని అరిచారు. తెల్లారేసరికి అది అబద్ధమని తేలింది. అరిచినవాళ్లలో చాలామంది మర్నాడూ అలాగే కూర్చుని అరిచారు. నెల తిరిగాక, జూన్ 23 రాత్రి ఖతార్‌లో అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. గల్ఫ్ దేశాల ఆకాశం కొన్ని గంటలు మూసేశారు. మా పేటలో ఆ రాత్రి ఫోన్లు మోగుతానే ఉన్నాయి. ఒక వాట్సాపు గుంపులో దోహా మొత్తం పోయిందన్నారు. ఇంకో గుంపులో ఇరాన్ మొగతనం మీద పాట. పక్క ఇంట్లో ఒక తల్లి కూతురి నంబరుకి కొడుతుంటే కలవడం లేదు.

మా కుర్రాళ్లు ఈసారి బొమ్మలు అంటించలేదు. కమ్యూనిటీ హాలు తలుపు తీసి, బల్ల వేసి, పుస్తకం ఒకటి తెరిచారు. ఎవరు ఏ దేశంలో ఉన్నారు, పాసుపోర్టు నంబరెంత, ఏ ఊళ్లో ఏ ఇల్లు, కఫీల్ పేరేంటి, ఫోనేంటి, పంపిన ఏజెంటెవరు అని గళ్లు గీశారు. అర్ధరాత్రి దాకా జనం వస్తానే ఉన్నారు. చాలా గళ్లు ఖాళీగా మిగిలాయి. పాసుపోర్టు జిరాక్సు ఉన్న ఇళ్లు తక్కువ. ఒక ముసలామెని మీ కోడలుండే ఇంటాయన పేరేంటని అడిగితే "బాబా అంటదండి, బాబా అని రాసుకోండి" అంది. అలాగే రాసుకున్నారు. మర్నాడు ఆమె కోడలు ఫోను చేసినప్పుడు అడిగి ఆ గడి నింపారు, పక్కన వీధి పేరు కూడా. ఆ పుస్తకం హాల్లోనే ఉంది. మిగతా పేటలవాళ్లు వచ్చి ఆ గళ్లు చూసుకుని తమ పేటలో అలాంటిది మొదలుపెట్టుకోవచ్చు, పుస్తకం ఖరీదు అరవై రూపాయలు.